ముందు ఇనుప ప్లేటు కొనండి, పిండి సంగతి తర్వాత

ఇంట్లో పిజ్జా చేయాలనుకునే ప్రతి ఒక్కరూ మొదట పిండి గురించే అడుగుతారు. మైదా ఎంత, ఈస్ట్ ఎంత, రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టాలా, పొద్దున కలిపితే సరిపోదా అని. ఆ తర్వాత చీజ్ మీద చర్చ, సాస్ మీద వాదన. అన్నీ తేలాక, పిజ్జా ఓవెన్‌లోకి వెళ్లే నిమిషంలో దాన్ని దేనిమీద పెట్టాలన్న ప్రశ్న వస్తుంది. ఓవెన్‌తో పాటు ఇచ్చిన పల్చటి అల్యూమినియం ట్రే చేతికందుతుంది, పని కానిచ్చేస్తారు. పైన చీజ్ మాడుతుంది, కింద పిండి తెల్లగా మెత్తగా ఉండిపోతుంది. తప్పు పిండిదే అనుకుని మర్నాటి నుంచి మళ్లీ పిండి మీదే పరిశోధన మొదలవుతుంది.

ఈ వరస తలకిందులుగా ఉంది. ముందు అడుగున ఉండే ప్లేటు ఎంచుకోండి. అది ఇంట్లోకి వచ్చేదాకా ఈస్ట్ పొట్లం కూడా కొనకండి. ఓవెన్ ఇంకా కొనని వాళ్లయితే మరీ మంచిది. ప్లేటుకు తగ్గ ఓవెన్ వెతుక్కోవచ్చు, ఓవెన్‌కు సరిపోయే ప్లేటుతో సర్దుకుపోనక్కర్లేదు. ఇది మొండితనం అంటారని తెలుసు. వంట బాగా వచ్చినవాళ్లే ఎక్కువగా అంటారు. అయినా నా సలహా మార్చుకోను, ఎందుకో చెబుతాను.

నేపుల్స్‌లో పిజ్జా కట్టెల పొయ్యిలో కాలుతుంది. 1984లో అక్కడ ఏర్పడ్డ అసలు నేపుల్స్ పిజ్జా సంఘం పెట్టుకున్న నియమాల ప్రకారం పొయ్యి నేల 380 నుంచి 430 డిగ్రీల సెల్సియస్ ఉండాలి, పైకప్పు 485 దాకా వేడెక్కాలి, పిజ్జా 60 నుంచి 90 సెకన్లలో బయటికి రావాలి. ఆ పిజ్జా చేతిపనిని 2017లో యునెస్కో మానవాళి వారసత్వాల జాబితాలో చేర్చింది. మన ఇళ్లల్లో ఓటీజీ ఓవెన్ చక్రం ఎంత తిప్పినా 250 దగ్గర ఆగిపోతుంది, కొన్నిటికి 230 దగ్గరే. అమెరికాలో ఉన్న మనవాళ్ల ఓవెన్లు 550 ఫారెన్‌హీట్ దాకా పోతాయి, అంటే 288 సెల్సియస్. అదీ చాలదు. మనకున్న వేడి తక్కువ, దాన్ని పెంచే దారి లేదు. ఉన్న వేడి పిండి అడుగుకు ఎంత త్వరగా అందుతుందన్నది మాత్రం మన చేతిలో ఉంది. అది ప్లేటు పని. మంచి మైదా, మంచి చీజ్, అమ్మమ్మ నాటి ఓపిక, ఏవీ ఆ పని చేయలేవు.

ఇక్కడ ఒక లెక్క తెలుసుకోవాలి. పచ్చి పిండి వేడి ప్లేటును తాకిన క్షణంలో రెండింటి మధ్య వేడి ఎక్కడ నిలుస్తుందన్నది ప్లేటు ఎంత కాలిందన్నదాని మీద ఒక్కటే ఆధారపడదు. ఆ ప్లేటు తన లోపలి వేడిని పైకి ఎంత చురుగ్గా తెచ్చి ఇస్తుందన్నది కూడా అంతే ముఖ్యం. ఇటుక ఈ విషయంలో చాలా నిదానం. అందుకే నేపుల్స్‌లో 400 డిగ్రీల నేల మీద వేసినా పిజ్జా వెంటనే బొగ్గు కాదు. ఆ నేలకు సొరెంటో ప్రాంతంలో చేత్తో చేసే మట్టి పలకలు వాడతారు, వాటి మంచితనమంతా ఆ నిదానంలోనే ఉంది. ఉక్కు దీనికి పూర్తిగా విరుద్ధం. 250 డిగ్రీల ఉక్కు మీద పిండి అడుగుకు తగిలే వేడి, 400 డిగ్రీల ఇటుక మీద తగిలేదానికి చాలా దగ్గరగా వస్తుంది. 2018లో ఆండ్రీ వర్లమోవ్, ఆండ్రియాస్ గ్లాట్జ్ అనే భౌతికశాస్త్రవేత్తలు, సెర్జియో గ్రాస్సో అనే ఆహార మానవశాస్త్రవేత్తతో కలిసి పిజ్జా కాలడం వెనకున్న భౌతికశాస్త్రం మీద ఒక వ్యాసం రాశారు. రోమ్‌లో ఇటుక పొయ్యి మీద 330 డిగ్రీల దగ్గర రెండు నిమిషాల్లో అయ్యే పిజ్జాకు, ఉక్కు మీద 230 దగ్గర సుమారు 170 సెకన్లు చాలని వాళ్ల లెక్క తేల్చింది. పైనుంచి తగిలే వేడి తక్కువ కాబట్టి మన ఓటీజీలో నిజానికి అయిదారు నిమిషాలు పడుతుంది. అడుగుకు మాత్రం ఆ లెక్క వర్తిస్తుంది.

ఈ మాట వంటిళ్లలోకి వచ్చి ఎంతో కాలం కాలేదు. 2011లో నేథన్ మిర్వోల్డ్ బృందం తెచ్చిన ‘మాడర్నిస్ట్ క్విజీన్’ ఇంటి ఓవెన్‌లో రాతి బదులు ఉక్కు పలక వాడమంది. ఆ సంగతి తెలిసి, మసాచుసెట్స్‌లో తమ కుటుంబానికి లోహపు పనుల కార్ఖానా ఉన్న ఆండ్రిస్ లాగ్స్‌డిన్ అనే ఆయన 2012లో పిజ్జా కోసమే ఉక్కు ప్లేట్లు చేసి అమ్మడం మొదలుపెట్టాడు. అంతకుముందు అందరూ రాయే కొనేవారు.

రాయి గురించి ఎక్కువ చెప్పను. పిజ్జా స్టోన్ పేరుతో అమ్మేవాటిలో మంచివి కార్డిరైట్‌తో చేస్తారు. కుండలు కాల్చే బట్టీల్లో అరలకు వాడే సరుకే అది. వేడికి పెద్దగా వ్యాకోచించదు కాబట్టి త్వరగా పగలదు. అయితే ఉక్కు దానికంటే పది రెట్లకు పైగా చురుగ్గా వేడిని పంపుతుంది. 250 డిగ్రీల్లో ఆ తేడా పిజ్జా అడుగున కళ్లకు కనబడుతుంది. ఎవరైనా బహుమతిగా రాయి ఇస్తే తీసుకోండి. పెద్ద ఓవెన్ ఉన్నవాళ్లు దాన్ని పిజ్జాకు పైనున్న రాక్‌లో పెట్టుకుంటే కప్పులా పైనుంచి కొంత వేడి దింపుతుంది. కింద మాత్రం పెట్టకండి.

మన ఊళ్లలో ఇంకో ఆలోచన వస్తుంది. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన కడప రాయి ముక్క పెరట్లో ఉంటుంది, తాండూరు బండ ఉంటుంది, వంటగది గట్టుకు కోయగా మిగిలిన గ్రానైట్ ఉంటుంది. ఊరికే పడి ఉన్నదేగా అనిపిస్తుంది. వద్దు. కడప రాయి, తాండూరు బండ పొరలు పొరలుగా ఏర్పడ్డ సున్నపురాళ్లు. పొరల మధ్య చిక్కిన తడి వేడికి ఆవిరై రాయిని చీల్చగలదు. గ్రానైట్‌లో రకరకాల ఖనిజాలు తలా ఒక తీరుగా వ్యాకోచిస్తాయి, పైగా పాలిష్ కోసం ఏం పూశారో మనకు తెలియదు. మెరిసే టైల్స్ సంగతీ అంతే. వాటి పూతలో ఏముందో తెలియకుండా దానిమీద తిండి కాల్చకూడదు.

ఇనుప దోసె పెనం బోర్లించి వాడమనేవాళ్లు ఉన్నారు. వేడి విషయంలో పోత ఇనుము ఉక్కుకు తీసిపోదు, ఆ సలహా తప్పు కాదు. నేను మాత్రం ఒప్పుకోను. పెనం పొద్దున దోసెలకు కావాలి. సాయంత్రం ఓవెన్‌లోకి, పొద్దున పొయ్యి మీదికి తిరిగే వస్తువు రెండు పనులకూ సగం సగమే ఉపయోగపడుతుంది. పిజ్జా ప్లేటు పిజ్జాదే కావాలి.

మందపాటి అల్యూమినియం ప్లేటు కూడా ఉంది. 10 మిల్లీమీటర్ల అల్యూమినియం 6 మిల్లీమీటర్ల ఉక్కంత వేడిని దాచుకుంటుంది, బరువు చూస్తే అందులో సగం కంటే కాస్త ఎక్కువ. వేడిని అందించడంలో ఉక్కును మించిపోతుంది. కాగితం మీద అదే గెలుస్తుంది. అయినా కొనకండి. తేలిగ్గా లేచే ప్లేటును ఏదో ఒకరోజు ఎవరో ఒకరు లేపి పక్కన పెడతారు. ఒకసారి బయటికి వెళ్లిన ప్లేటు అటక ఎక్కుతుంది. బరువుగా ఉండడమే మన ప్లేటుకు రక్ష.

ఎంత మందం అంటే 10 మిల్లీమీటర్లు. 6 చాలని అందరూ చెబుతారు, అమ్మే కంపెనీలూ ఎక్కువగా అదే అమ్ముతాయి. ఒక్క పిజ్జా చేసుకుని ఆపేసేవాళ్లకు అది చాలు. రెండో పిజ్జా దగ్గరే దాని బలం బయటపడుతుంది. పల్చటి పెనం మీద మొదటి దోసె బాగా వచ్చి, మూడో దోసెకు పెనం చల్లబడి అట్టు తెల్లగా మిగలడం మనందరికీ తెలిసిందే. ఉక్కులోనూ అంతే, మందమే నిలవ. 30 సెంటీమీటర్ల చదరం, 10 మిల్లీమీటర్ల మందం తీసుకుంటే బరువు 7 కిలోలు. అదే 6 మిల్లీమీటర్లయితే నాలుగుంపావు. ఆ రెండు కిలోల ముప్పావు కోసం నేను ఎవరితోనైనా వాదిస్తాను.

ఇనుము కొట్లో

ఆన్‌లైన్‌లో దొరికే ప్లేటు వద్దని కాదు. స్వయంగా వెళ్లి కొనడమే మంచిదంటాను. సికింద్రాబాద్‌లోనైతే రాణీగంజ్ వైపు, విజయవాడలోనైతే ఆటోనగర్, మిగతా ఊళ్లలో ఇనుము అమ్మే కొట్లు ఎక్కడున్నా సరే. పిజ్జా అని చెప్పనక్కర్లేదు. ఎం.ఎస్. ప్లేటు, 10 ఎం.ఎం., ఇంత బై ఇంత అంటే చాలు. ఐ.ఎస్. 2062 రకం మామూలు ఉక్కు కావాలని అడగండి. కిలోల లెక్కన తూకం వేసి ఇస్తారు, కటింగ్ ఖర్చు వేరు. జి.ఐ. ప్లేటు అంటగడితే తీసుకోకండి, దానికి జింకు పూత ఉంటుంది, తిండికి పనికిరాదు. స్టెయిన్‌లెస్ మెరుస్తుంది, తుప్పు పట్టదు, కానీ వేడిని అందించడంలో మామూలు ఉక్కులో మూడో వంతు కూడా చురుకు లేదు. మెరుపు చూసి మోసపోకండి.

ప్లేటును వెలుతురులోకి తెచ్చి చూడండి. నీలం, నలుపు కలిసిన పొరొకటి కనిపిస్తుంది. ఎర్రగా కాలిన ఉక్కును రోలర్ల మధ్య నలిపేటప్పుడు గాలి తగిలి ఏర్పడిన పొర అది. అక్కడక్కడ పెచ్చులూడి, కింద బూడిద రంగు లోహం బయటపడి ఉంటుంది. గోరుతో గీరితే పొడిలా రాలే చోట్లు కూడా ఉంటాయి. తుప్పు గుంటలు పడ్డ ప్లేటు వద్దు, గుంటల్లో పిండి అతుక్కుంటుంది. బల్లపరుపుగా ఉందో లేదో చూడడానికి అంచు దగ్గర కన్ను పెట్టి పొడుగునా చూడండి, వంపు ఉంటే తెలిసిపోతుంది. గ్యాస్ కటింగ్ చేసిన అంచు కరిగి గడ్డకట్టినట్టు గరుకుగా ఉంటుంది. వీలైతే లేజర్ కటింగ్ చేయించండి. ఎలా కోసినా నాలుగు మూలలూ గుండ్రంగా గ్రైండింగ్ పట్టించి, అంచులన్నీ ఆకురాయితో రుద్దించుకునే కదలండి. 7 కిలోల ప్లేటు పదునైన మూల చేతిని కోస్తే మామూలుగా కోయదు.

ఇంటికి తెచ్చాక ఒక రాత్రి వెనిగర్‌లో నానబెట్టండి. పొద్దునకు పైపొర వదులవుతుంది, ఇనుప పీచుతో రుద్దితే నల్లటి నీళ్లు కారుతూ ఊడి వస్తుంది. అడుగున వెండిలా, కాస్త మసకగా అసలు ఉక్కు కనబడుతుంది. కడిగిన వెంటనే తుడిచి పొయ్యి మీదో ఓవెన్‌లోనో ఆరబెట్టండి. తడిగా పది నిమిషాలు వదిలితే చాలు, నారింజ రంగు తుప్పు మొదలవుతుంది. ఆరాక కాసింత వేరుశనగ నూనె రాసి, రాసినదంతా గుడ్డతో తుడిచేయండి. నూనె కనబడకూడదు. దాన్ని ఓవెన్‌లో, ఓవెన్ ఇంకా కొనకపోతే అది వచ్చాక, 250 డిగ్రీల్లో ఒక గంట కాల్చండి, కిటికీలు తెరిచి ఉంచండి, పొగ వస్తుంది. మూడు నాలుగుసార్లు ఇలా చేస్తే గోధుమ రంగు ముదిరి నలుపవుతుంది.

ఓవెన్ కొట్లో

ప్లేటు అయింది, ఇక ఓవెన్. షోరూమ్‌కు వెళ్లేటప్పుడు 35 సెంటీమీటర్ల చదరంలో కోసిన అట్ట వెంట తీసుకెళ్లండి. మీ ప్లేటు 30, చుట్టూ గాలి తిరగడానికి రెండున్నర సెంటీమీటర్ల ఖాళీ కలిపితే 35. ప్రతి ఓటీజీలోనూ ఆ అట్ట పెట్టి తలుపు మూసి చూడండి. లీటర్ల లెక్క నమ్మకండి, ఎత్తుగా ఉండి లోతు లేని ఓవెన్‌కు కూడా లీటర్లు ఎక్కువే చూపిస్తారు. కొన్ని తలుపుల అద్దం లోపలికి ఉబికి ఉంటుంది, మూస్తే కాని తెలియదు.

ఆ తర్వాత 5 కిలోల గోధుమపిండి ప్యాకెట్, 2 కిలోల పంచదార రాక్ మధ్యలో పెట్టమనండి. రాక్ వంగితే ఆ ఓవెన్ మీకు పనికిరాదు. రాక్ ఎంత బరువు మోస్తుందో కంపెనీ పుస్తకంలో రాసి ఉంటే అదీ చదవండి. సేల్స్‌మన్ విసుక్కుంటాడు. కన్వెక్షన్ ఫ్యాన్, లోపలి లైటు, కోడిని తిప్పే ఊచ గురించి చెబుతాడు. అవేవీ మనకు అక్కర్లేదు. పైన, కింద రెండు జతల రాడ్లుండి, 250 దాకా వేడెక్కి, 7 కిలోలు మోస్తే చాలు.

ఇంట్లో ఓవెన్ ముందే ఉండి, ప్లేటు పట్టకపోతే ప్లేటు చిన్నది చేయించమంటారు ఇంట్లోవాళ్లు. చేయించకండి. ఓవెన్ ఎవరికైనా ఇచ్చేయండి.

ప్లేటు పెట్టే చోటు పై రాడ్లకు 10, 12 సెంటీమీటర్ల కింద ఉండాలి. ఇంకా కిందికి దించితే అడుగు కాలి పైభాగం పచ్చిగా మిగులుతుంది. ఒకసారి పెట్టాక తీయకండి. కేకులకు ప్లేటు అడ్డం. కేకుకు నిదానంగా చుట్టూ తిరిగే వేడి కావాలి, 7 కిలోల ఉక్కు అడ్డుపడితే అడుగు ముందే మాడిపోతుంది. కాబట్టి కేకులు మానేయండి. బిస్కెట్లు కూడా. పుట్టినరోజు కేకు బేకరీలో దొరుకుతుంది, బాగానే ఉంటుంది. ఆ స్థాయి పిజ్జా అడుగు మాత్రం మీ ఊళ్లో కొనడానికి దొరక్కపోవచ్చు. రెండిట్లో ఇంట్లో చేసుకోవలసింది ఏదో ఇంట్లోవాళ్లకు ఇలాగే చెప్పండి.

వేడి, కరెంటు

చల్లటి ఓవెన్‌లో ప్లేటు ఉండగానే చక్రం చివరిదాకా తిప్పి గంటంపావు ఆగండి. ఓవెన్ లైటు పది నిమిషాల్లోనే ఆరిపోయి అయిందంటుంది. అది గాలి వేడెక్కిందన్న గుర్తు, ఉక్కు ఇంకా వేడెక్కుతూనే ఉంటుంది. అంతసేపా అని కరెంటు బిల్లు గురించి అడిగేవాళ్లకు లెక్క చూపించండి. 7 కిలోల ఉక్కును 30 డిగ్రీల నుంచి 250కి తేవడానికి కావలసింది యూనిట్‌లో అయిదో వంతు. మిగతాది ఓవెన్ గోడల నుంచి బయటికి పోయే వేడి, 2000 వాట్ల ఓవెన్‌కైనా అంతా కలిపి రెండు యూనిట్ల లోపే. బయట కొన్న పిజ్జా ధరతో పోల్చి చూసుకోండి.

బటర్ పేపర్ మీద పిజ్జా పెట్టి ఓవెన్‌లోకి జార్చమని దాదాపు అందరూ చెబుతారు. సులువే. కానీ చాలా పేపర్లు 220 డిగ్రీలకే సరే అని పెట్టె మీద రాసి ఉంటుంది, దాటితే అంచులు నల్లబడి రాలిపోతాయి. పైగా ఇంత కష్టపడి తెచ్చుకున్న ఉక్కుకూ పిండికీ మధ్య ఒక కాగితం అడ్డం పెట్టడం నాకు నచ్చదు. చెక్క పలక మీద బొంబాయి రవ్వ చల్లి, దానిమీద పిండి పరిచి, పలకను అటూ ఇటూ కదిపి పిండి జారుతుందో లేదో చూసుకుని, ఒక్క ఊపుతో ప్లేటు మీదికి దించండి. పిండి పలకకు అతుక్కుంటే అంచు ఎత్తి రవ్వ ఇంకాస్త చల్లండి. బియ్యప్పిండి కూడా పనిచేస్తుంది.

మొదటి నెలంతా పైన ఏమీ వేయకండి. సాస్ వద్దు, చీజ్ వద్దు. ఒట్టి పిండి, కాస్త ఉప్పు, కాస్త నూనె. పైన రుచి ఉంటే కింద ఏం జరిగిందో ఎవరూ చూడరు. కాలిన రొట్టెను తిరగేసి దీపం కింద పెట్టండి. తెల్లగా, చెమట పట్టినట్టు ఉంటే ప్లేటు ఇంకా వేడెక్కలేదు. అంతటా ఒకే గోధుమ రంగు ఉంటే వేడి నెమ్మదిగా అందింది. లేత బంగారు రంగు మీద చిన్న చిన్న ముదురు మచ్చలు, పిండిలో బుడగలు తాకిన చోట ఇంకా ముదురుగా, రవ్వ గింజలు అక్కడక్కడ మాడి ఉంటే అది సరైన అడుగు. వేలితో తడితే గట్టిగా చప్పుడవ్వాలి. అమెరికాలో 288 డిగ్రీల ఓవెన్ ఉన్నవాళ్లు పిండిలో పంచదార వేయకండి, ఆ వేడిలో ఉక్కు మీద అది నిమిషాల్లో నల్లబడుతుంది.

ఇక చుట్టాలను పిలిచే విషయం. పిలవకండి. పిజ్జాకూ పిజ్జాకూ మధ్య పది పన్నెండు నిమిషాలు ప్లేటు మళ్లీ కోలుకోవాలి. ఎనిమిది మంది ఒకేసారి భోజనానికి కూర్చుంటే మీరు తొందరపడతారు, రెండో పిజ్జా నుంచే అడుగు చెడుతుంది. ఇంట్లోవాళ్లే అయినా అందరూ కలిసి తినాలన్న పట్టు వదిలేయండి. వచ్చిన పిజ్జాను వచ్చినట్టు కోసి, వంటగదిలోనే నిలబడి ఒక్కొక్కరికీ ఇవ్వండి. పిల్లలకు ముందు, పెద్దవాళ్లకు తర్వాత, చేసినవాళ్లకు చివర. చివరి పిజ్జాకు ప్లేటు బాగా కాలి ఉంటుంది కాబట్టి చేసినవాళ్లకు అన్యాయమేమీ జరగదు.

సముద్రం పక్కన ఉన్న ఊళ్లవాళ్లు, విశాఖ, కాకినాడ వంటి చోట్ల, వానాకాలంలో ఓవెన్ తలుపు మూసి వారాలపాటు వదిలేయకండి. ఉప్పు గాలికి ప్లేటు తుప్పు పడుతుంది. పిజ్జా చేయని వారాల్లో కూడా ఒకసారి అరగంట వేడిచేసి, చల్లారాక నూనె గుడ్డతో తుడవండి. సబ్బు తగలనివ్వకండి. అతుక్కున్న చీజ్‌ను వేడి మీదే ఇనుప గరిటెతో గీరేయండి, మిగిలిన మరక తర్వాతి పిజ్జా వేడికి తనే కాలి పోతుంది.